కుటుంబ వైద్యుని నిత్య విద్య: అవసరమును నిర్ణయించవలసినది ఎవరు?

“నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్” అని ఉర్దూలో ఒక సామెత కలదు. సగము చదివిన వైద్యుడు ప్రాణమునకే ముప్పు అని దాని భావము. మన పెద్దలు ఈ మాటను చదువు పూర్తి చేయకయే వైద్యమునకు పూనుకొన్న వారిని గూర్చి వాడినారు. కాని నేటి కాలమున ఈ సామెతకు మరియొక అర్థము కూడ ఏర్పడినది. పరీక్షలన్నియు నెగ్గి, పట్టా పుచ్చుకొని, వాకిట బోర్డు తగిలించిన నిండు వైద్యుడు సైతము పదునైదు, ఇరువది సంవత్సరములు గడచునప్పటికి, తాను ఎరుగకయే, సగము వైద్యుడుగా మారిపోగలడు. చదివినది మరచుట వలన కాదు. చదివినదే మారిపోవుట వలన. ఏ సగము పాతబడినదో అతనికే తెలియకపోవుట ఇందలి అసలు చిక్కు.

కావున కుటుంబ వైద్యునికి నిత్య విద్య అవసరమా, కాదా అను ప్రశ్న ఎన్నడో తీరినది. తీరని ప్రశ్న మరియొకటి ఉన్నది. అతడు ఏమి నేర్చుకొనవలెనో నిర్ణయించునది ఎవరు? చట్టమా? మందుల కంపెనీయా? వైద్యుని అభిరుచియా? లేక అతని గది ముందు బల్లపై తన వంతు కొరకు వేచియున్న రోగియా? ఈ నిర్ణయము ఆ బల్లపై నుండియే మొదలు కావలెనని నా అభిప్రాయము.

జ్ఞానము ఎంత వేగముగ మారునో తెలియుటకు మన డెల్టా వారికి చిరపరిచితమైన బోదకాలు వ్యాధియే చాలును. ఈ వ్యాధికి మందైన డైఇథైల్ కార్బమజిన్‌ను 1940వ దశకములో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున వెలుగులోనికి తెచ్చిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన దేశమున ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము 1955లో మొదలైనది. 2004 నుండి ఏటా ఒక దినమున ఊరందరిచేత మందు మింగించు పద్ధతి వచ్చినది. 2018 నుండి ఎంపిక చేసిన జిల్లాలలో రెండు మందులకు బదులు మూడు మందులు కలిపి ఇచ్చుట మొదలైనది. మందు ఒక తెలుగువాని కృషి ఫలితమే. జబ్బు మన కాలువగట్లదే. అయినను, ఒక వైద్యుడు తన ఉద్యోగ జీవితమున ఈ ఒక్క జబ్బు విషయముననే పలుమారులు పాఠము మార్చుకొనవలసి వచ్చినది. ఇట్టి జబ్బులు అతని గదికి దినమునకు ఇరువది వచ్చును.

చట్టము ఈ అవసరమును గుర్తింపక పోలేదు. భారత వైద్య మండలి 2002లో ప్రకటించిన వృత్తి ధర్మ నియమావళి ప్రకారము ప్రతి వైద్యుడు ఐదు సంవత్సరములలో 30 గంటలకు తక్కువ గాకుండ నిత్య వైద్య విద్యా సభలలో పాల్గొనవలెను. ఆ మండలి స్థానమున 2020లో జాతీయ వైద్య కమిషన్ వచ్చినది. ఆ కమిషన్ 2023 ఆగస్టులో క్రొత్త నియమావళిని ప్రకటించి, అదే మాసములో దానిని నిలిపివేసి, పాత నియమములనే తిరిగి అమలులోనికి తెచ్చినది. లెక్క వేసి చూడగా సంవత్సరమునకు ఆరు గంటలు. అది తక్కువయా, ఎక్కువయా అను వాదము అటుండనిండు. చట్టము గంటలను మాత్రమే లెక్కించుచున్నది. ఆ గంటలలో ఏమి నేర్చుకొన్నారు, అది ఏ ఊరి రోగికి ఉపకరించును అని అడుగుట లేదు. పొలమునకు ఎన్ని గంటలు నీరు పెట్టితివి అని అడిగి, ఆ నీరు ఏ చేలో పారినదో అడుగకుండుట వంటిది ఇది.

ఇక ఆ గంటలు గడచు తీరు మనము ఎరిగినదే. పట్టణములోని ఒక హోటలులో సభ, ఒక ప్రత్యేక వైద్య నిపుణుని ఉపన్యాసము, అనంతరము విందు. ఉపన్యాస విషయము చాలసార్లు క్రొత్తగా విపణిలోనికి వచ్చిన మందుకు సమీపముననే తిరుగును. ఇందుకు నిపుణుని నిందింప పనిలేదు. ఖర్చు పెట్టినవాడు విషయమును ఎన్నుకొనుట లోక సహజము. వైద్యులు కంపెనీల నుండి కానుకలు పుచ్చుకొనరాదని 2009లో వైద్య మండలి నియమము చేసినది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము మందుల విక్రయ పద్ధతులపై క్రొత్త నియమావళిని ప్రకటించినది. ఇవి మంచివే. కాని కానుకను ఆపినంత మాత్రమున పాఠము సరియైనది కానేరదు. క్రొత్త మాత్ర పేరు చెప్పుటకు పదిమంది కలరు. పాత మాత్రను ఎప్పుడు ఆపవలెనో చెప్పుటకు ఖర్చు భరించువారు లేరు.

“అట్లయిన, ఏమి నేర్చుకొనవలెనో వైద్యునికే విడిచిపెట్టుడు” అని కొందరు అనవచ్చును. వినుటకు ఇది న్యాయముగనే తోచును. అయితే 1982లో కెనడాలోని ఒంటారియో కుటుంబ వైద్యులపై జరిగిన ఒక పరీక్ష ఫలితములు ఆలోచింపదగినవి. వైద్యులు తమకు ఇష్టమైన విషయములను, ఇష్టము లేని విషయములను ముందుగనే వరుస పెట్టి చెప్పినారు. పాఠముల అనంతరము వారి జ్ఞానము పెరిగినది గాని, రోగులకు అందిన వైద్యము మొత్తము మీద అంతగా మారలేదు. ఇష్టపడిన విషయములలో వారు అప్పటికే బాగుగ చేయుచుండిరి. మార్పు ఏదైన కనిపించినది వారు కోరని విషయములలోనే. 2006లో అమెరికా వైద్య సంఘ పత్రికలో వెలువడిన మరియొక సమీక్ష ఇంకను నిష్కర్షగ ఉన్నది. వైద్యుడు తనను గూర్చి తాను వేసుకొన్న అంచనాను, ఇతరులు కొలిచిన అంచనాతో పోల్చిన 20 సందర్భములలో 13 చోట్ల ఆ రెంటికిని పొత్తు లేకపోవుటయో, మిక్కిలి స్వల్పముగ ఉండుటయో, తలక్రిందులుగ ఉండుటయో కనబడినది.

ఇది వైద్యులను చులకన చేయుటకు చెప్పిన మాట కాదు. మన వెనుకభాగము మనకు కనబడదు. దానిని చూపుటకు అద్దము కావలెను. కుటుంబ వైద్యునికి ఆ అద్దము అతని రోగులే. చల్లపల్లి అను అద్దములో చూచిన ఎట్టి పాఠములు కనబడునో కొన్నిటిని పరిశీలింతము.

మొదటిది పాముకాటు. మచిలీపట్నమునుండి మోపిదేవి, అవనిగడ్డలకు పోవు త్రోవలో వరిచేల నడుమ నున్నది మన ఊరు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సర్పరూపమున కొలుచు సీమ ఇది. ఇచ్చట పామును ఎరుగని ఇల్లు లేదు. 2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు వరుసగ సంభవించి జనులను భయభ్రాంతులను గావించినవి. దేశమున 2000 నుండి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది మరణించినట్లు 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది; మరణములు అధికముగ నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగింటి విషమునకు ఒకే సూదిమందు కలదు. రక్తపింజరి కాటును గుర్తించుటకు పెద్ద యంత్రము అక్కరలేదు. పరిశుభ్రమైన పొడి గాజు గొట్టములో కొద్ది రక్తము తీసి 20 నిమిషములు కదపక ఉంచి, గడ్డకట్టినదా, లేదా అని చూచుట చాలును. కట్లపాము రాత్రివేళ నిద్రలో కరచును. నొప్పి ఉండదు, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, పిమ్మట కనురెప్పలు వాలుట. దీనిని అజీర్ణమని మందిచ్చి పంపిన వైద్యుడు దుర్మార్గుడు కాడు. అతనికి ఆ పాఠము ఎవరును చెప్పలేదు. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గించవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళిక ఢిల్లీలో కాదు, తొలి అరగంటలో రోగి చేరుకొను గదిలో నెగ్గవలెను.

రెండవది క్షయ. 1991లో ప్రచురితమైన ఒక అధ్యయనములో బొంబాయిలోని 100 మంది ప్రైవేటు వైద్యులను క్షయకు మందులు వ్రాయుమనగా వారు 80 విధములైన చికిత్సలు వ్రాసినారు. అప్పటినుండి ఎంతో మార్పు వచ్చినది. ప్రైవేటు వైద్యుడు సైతము ప్రతి క్షయరోగిని ప్రభుత్వమునకు తెలియజేయవలెనని 2012లో ఉత్తర్వు వచ్చినది. క్షయ నిర్ధారణకై చేయు రక్త పరీక్షలు నమ్మదగినవి కావని అదే సంవత్సరమున నిషేధింపబడినవి. వారమునకు మూడు దినములు మింగు ప్రభుత్వ మందులు 2017లో ప్రతిదినము మింగునవిగ మారినవి. 1990వ దశకమున చదువు ముగించిన వైద్యునికి ఈ మూడును కళాశాలలో చెప్పినవి కావు.

మూడవది గడ్డిమందు. పురుగుమందు మింగిన రోగికిని, పారాక్వాట్ అను గడ్డిమందు మింగిన రోగికిని చికిత్స ఒకటి కాదు. పురుగుమందులలో ఒక తరగతికి అట్రోపిన్ అను విరుగుడు కలదు. గడ్డిమందుకు విరుగుడు లేదు. పైగా ఆయాసపడుచున్నాడని తొందరపడి ప్రాణవాయువు పెట్టిన, ఊపిరితిత్తులకు హాని ఇంకను పెరుగును. మేలు తలపెట్టిన చేయియే కీడు చేయు సందర్భము ఇది. హోటలు ఉపన్యాసములలో దీనికి చోటు దొరకుట అరుదు; కారణము, దీనికి అమ్ముడుపోవు మందు లేదు.

నాలుగవది మన కళాశాల కుటుంబములకు మిక్కిలి దగ్గరిది: రంజాన్ మాసములో మధుమేహము. 2001లో 13 దేశములలో 12,243 మంది ముస్లిం మధుమేహ రోగులను గూర్చి ఒక అధ్యయనము జరిగినది. రెండవ రకపు మధుమేహము గలవారిలో నూటికి 79 మంది ఉపవాసము ఉండిరి. రక్తములో చక్కెర ప్రమాదకరముగ పడిపోవుట వారిలో ఆ మాసమున ఏడు రెట్లకు పైగ పెరిగినది. వైద్యుడు “రోజా ఉండవద్దు” అని ఒక్క మాటతో పంపును. రోగి తల ఊపును. ఇంటికి పోయి రోజా ఉండును. ఉదయపు మాత్రను మాత్రము అలవాటు చొప్పున సహరీ వేళ మింగును. అపరాహ్ణమునకు చెమటలు, వణకు, స్పృహ తప్పుట. దీనికి పరిష్కారము లేకపోలేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య సహకారముతో 2016లో ఒక మార్గదర్శక గ్రంథము వెలువడినది. 2021లో దానిని సవరించినారు. ఎవరికి ఉపవాసము అపాయకరమో ముందుగనే తేల్చుట, మాత్రల వేళలను ఇఫ్తార్, సహరీలకు అనుగుణముగ మార్చుట, గ్లిబెన్‌క్లమైడ్ వంటి పాత మందులకు బదులు చక్కెరను అంతగ పడద్రోయని వాటిని ఎన్నుకొనుట, చక్కెర 70కి దిగిన వెంటనే ఉపవాసము విరమింపవలెనని చెప్పుట అందలి ముఖ్యాంశములు. వ్రేలి కొనను పొడిచి రక్తము చూచుట వలన రోజా భంగము కాదని కూడ రోగికి చెప్పవలెను. ఖుర్ఆన్ రోగికి మినహాయింపు ఇచ్చియే యున్నది. ఆ మినహాయింపు ఎవరికి వర్తించునో వివరించుటకు వైద్యునికి శాస్త్రమును తెలియవలెను, రోగి మనస్సును తెలియవలెను. ఇది రంజాన్‌కు నెల పదునైదు దినముల ముందు జరుగవలసిన పని. ఈ పాఠమును ఏ వైద్యుడు తనంతట తాను కోరును? తన గదిలో ఉర్దూ మాటలాడు తల్లులు ఎందరు కూర్చుండుచున్నారో లెక్క చూచిన వైద్యుడే కోరును.

మరి ఈ అవసరములను కనుగొను పద్ధతి ఏది? ఇంగ్లండులోని టాంటన్‌లో రిచర్డ్ ఈవ్ అను కుటుంబ వైద్యుడు సులభమైన ఉపాయము నొకదానిని చెప్పినాడు. ప్రతి రోగి వెళ్లిన పిమ్మట వైద్యుడు తన్ను తాను ఒక ప్రశ్న వేసుకొనవలెను: “ఈ రోగికి కావలసినది నేను ఇచ్చితినా? ఇవ్వలేనిచో నాకు తెలియనిది ఏది?” ఆ జవాబును ఒక చిన్న పుస్తకములో ఒక పంక్తిగ వ్రాయవలెను. నెల తిరుగునప్పటికి ఆ పంక్తులే అతని పాఠ్యప్రణాళిక అగును. దీనికి మరి మూడింటిని చేర్చవలెను. పెద్దాసుపత్రికి పంపిన రోగులు ఏ జబ్బుతో పోయినారు, అచ్చట ఏమి తేలినది అను లెక్క ఒకటి. ఊరిలో అకాలమున మరణించినవారు చివరి వారములో ఎవరి వద్దకు పోయినారు అను విచారణ మరియొకటి. రోగుల నోట వచ్చు మాట మూడవది: “డాక్టరు గారు చెప్పినది మాకు అర్థము కాలేదు” అను మాట ఏ రక్తపరీక్షలోను కనబడదు.

ఇందుకు వచ్చు అభ్యంతరములను త్రోసిపుచ్చరాదు. దినమునకు నూరుగురిని చూచు వైద్యునికి పంక్తి వ్రాయు తీరిక ఎచ్చటిది అని అడుగుదురు. నిజమే. అయితే నూరుగురిలో ఇద్దరిని గూర్చి వ్రాసినను చాలును. అంతకంటె గట్టి అభ్యంతరము భయము. వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తనకు తెలియనిదానిని కాగితముపై పెట్టిన అదే తనకు ఉరిత్రాడు కాగలదని వైద్యుడు జంకును. కావున ఆ పుస్తకము అతని సొంతమై యుండవలెను. నలుగురు వైద్యులు కూడినపుడు పేర్లు లేకుండ ప్రశ్నలు మాత్రమే బయటికి రావలెను. శిక్షించుటకు వాడు లెక్కను ఎవరును నిజాయితీగ వ్రాయరు. నేర్చుకొనుటకు వాడు లెక్కను, రక్షణ కలిగినచో, ఎక్కువమంది వ్రాయుదురు.

ప్రభుత్వము కూడ ఈ విషయమును ఆలోచింపవలెను. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో నాటి రాష్ట్ర ప్రభుత్వము “ఫ్యామిలీ డాక్టర్” పేరిట ఒక కార్యక్రమమును ప్రారంభించినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామమునకు వచ్చుట అందలి ముఖ్యాంశము. వైద్యుని ఊరికి తెచ్చుట గొప్ప సంగతియే. ఊరు అడుగు ప్రశ్నలను తిరిగి వైద్య కళాశాలకు చేర్చుట దానికి రెండవ సగము. విజయవాడలో 1980లో వెలసిన సిద్ధార్థ వైద్య కళాశాల, 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయము ఉన్నవి. 2023లో మచిలీపట్నములో ప్రభుత్వ వైద్య కళాశాల కూడ ప్రారంభమైనది. గంట ప్రయాణములో బోధించువారు ఉన్నారు. ఏమి బోధించవలెనో వారికి చెప్పవలసినది మనము.

“ఇది మన చేతిలోని పనియా?” అని విద్యార్థి మిత్రులు సందేహింపవచ్చును. 2014లో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి గార్ల చొరవతో ఈ ఊరిలో స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమము మొదలైనప్పుడును ఇట్టి సందేహమే వినబడి యుండును. వైద్యులును, ఊరివారును కలసి చీపుళ్లు పట్టి వేకువనే వీధులలోనికి వచ్చినారు. వీధి శుభ్రతకు కూడిన చేతులు జ్ఞాన శుభ్రతకు కూడవా?

కావున కళాశాల కమిటీ పెద్దలకు నాదొక మనవి. మూడు నెలలకు ఒక ఆదివారము మన సభాభవనమును ఈ ప్రాంతపు వైద్యులకు ఉచితముగ ఇండు. ఏ కంపెనీ బ్యానరును అచ్చట కట్టనీయకుడు. తేనీటి ఖర్చు మనమే భరింతము. మొదటి సభ రంజాన్‌కు రెండు మాసముల ముందు జరుగుగాక. మధుమేహమే దాని విషయము కాగలదు. రెండవ సభ వర్షములకు ముందు. పాముకాటు దాని విషయము. విద్యార్థినీ విద్యార్థులారా, మీ వంతు పని ఇంకను సులభము. మీ ఇంటిలో, మీ వీధిలో వైద్యుని అడుగదలచి అడుగలేకపోయిన ప్రశ్నలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి తెండు. రోగి పేరు వలదు, వైద్యుని పేరు వలదు, ప్రశ్న చాలును. “సూదిమందు సహరీకా, ఇఫ్తార్‌కా?” అని అమ్మ అడుగలేకపోయిన ఒక్క ప్రశ్న, హోటలులో వినిన ఆరు గంటల ఉపన్యాసముకంటె విలువైన పాఠమునకు నాంది కాగలదు.

వైద్యుడు నేర్చుకొనుట మానిన, ముందుగ తెలియునది అతనికి కాదు, అతని రోగికి. ఆ రోగికి నోరు ఇచ్చుట చదువుకొన్న మనవంటి వారి విధి.